కాలువ గట్ల మీద చైతన్యరథం

పడక, స్నానం, భోజనం వంటి ఇంటి అవసరాలను ఒకే వాహనంలో అమర్చుకుని ఊరూరా తిరిగే ఏర్పాటును మోటార్‌హోమ్ అంటారు. అమెరికా, ఐరోపాలలో అది సెలవుల్లో విహారానికి వాడే వాహనం కాగా, తెలుగునాట జనానికి బాగా గుర్తున్న దాని రూపం మాత్రం నందమూరి తారక రామారావు చైతన్యరథమే. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ స్థాపనను ప్రకటించిన ఆయన, పాత షెవర్లే వ్యానును ప్రచారానికి అనువుగా మార్పించి, కుమారుడు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా పర్యటించారు. నిద్ర ఆ వ్యానులోనే. స్నానం, గడ్డం గీసుకోవడం రోడ్డు పక్కనే. ప్రసంగం వ్యాను టాపు మీద నుంచి.

1948 ఎన్నికల ప్రచారంలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ రైలుపెట్టె వెనుక వసారాలో నిలబడి ప్రసంగిస్తూ దేశం చుట్టివచ్చినా, ఆ రైలు పట్టాలున్న చోటికే వెళ్ళగలిగింది. కృష్ణా డెల్టా దిగువన ఆ పద్ధతి సగమే సాగేది. గుడివాడకు, మచిలీపట్నానికి రైలు ఉంది కానీ, పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ రెండు పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న దివిసీమకు నేటికీ రైలు లేదు. పైగా ఈ ప్రాంతంలో చాలా ఊళ్ళు కాలువ వెంబడే బారులు తీరి ఉంటాయి. రోడ్డు సాగేదీ ఆ గట్టు మీదనే కాబట్టి, బస్సుకోసం నిలబడేవారు, లాకుల దగ్గర (అంటే కాలువ నీటిమట్టం మారే చోట పడవలను దాటించే తలుపుల దగ్గర) కబుర్లాడుకునేవారు, పొలం నుంచి తిరిగివచ్చేవారు అందరూ ఒకే దారిలో ఎదురవుతారు. అలాంటిచోట సభకు వేరే మైదానం అక్కరలేదు. బండి ఎక్కడ ఆగితే అదే సభ. బండి రాకలో గంటల తరబడి జరిగే ఆలస్యం కూడా, నిజానికి, ప్రచారంలో భాగంగానే పనిచేసింది, ఎందుకంటే ఎదురుచూపే జనాన్ని పోగుచేసేది.

రామారావుకు ఈ దారులు కొత్తవి కావు. 1923 మే 28న ఆయన పుట్టిన నిమ్మకూరు గుడివాడకు చేరువలోనిదే. 1977 నవంబరు 19న తుపానుతో ఉప్పొంగిన సముద్రం ఊళ్ళమీద పడి వేలమందిని బలిగొన్న దివిసీమ ఉప్పెన తరువాత, అక్కినేని నాగేశ్వరరావు తదితర నటులతో కలిసి బాధితులకోసం జోలె పట్టినవారు కూడా ఆయనే. 1983 జనవరి 5న, సంక్రాంతి ముందు నూర్పిళ్ళ రోజుల్లో జరిగిన పోలింగులో ఆయన గుడివాడ, తిరుపతి రెండుచోట్లా గెలిచి, జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ గెలుపును బండికే కట్టబెట్టడం అతిశయోక్తే. కాంగ్రెస్ అధిష్ఠానం ముఖ్యమంత్రులను వెంటవెంటనే మార్చిన తీరుపై జనంలో పేరుకున్న విసుగు అంతకన్నా పెద్ద కారణం. బండి చేసింది, ఆ విసుగు ఉన్నచోటికి వెళ్ళి ఆగడం.

నలభై ఏళ్ళ తరువాత, 2023 అక్టోబరు 1న, జనసేన నాయకుడు పవన్ కల్యాణ్ వారాహి అనే ప్రచార వాహనంపై చేసిన యాత్ర నాలుగో విడత అవనిగడ్డలో మొదలై, మచిలీపట్నం, పెడనల మీదుగా ఇదే నేలపై సాగింది. వారాహి చైతన్యరథం కన్నా భారీ వాహనమే, కానీ అది సభావేదిక మాత్రమే. నాయకుడి రాత్రి బస దానిలో కాదు, ఊళ్ళోనే.