పాత కారులో మినుకుమను దీపము

2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడరు కార్లు నేటికిని కొన్ని ఇండ్ల ముంగిట కానవచ్చుచున్నవి. గతుకులో పడగానే ముందరి దీపమొకటి ఆరి, కొంత దూరము పోయిన పిదప తనంతట వెలుగుట ఇట్టి పాత కార్లలో కలదు. ఒంటి దీపపు కారును రాత్రివేళ ఎదుటివాడు మోటారు సైకిలని భ్రమించునెడల ప్రాణమునకే ముప్పు.

ఫ్యూజు పోయినచో దీపము మరల వెలుగదు. బ్యాటరీ నీరసించినచో రెండు దీపములును మందగించును. కావున మేము తొలుత ఎర్తునే శంకింతుము. కరెంటు కారు ఇనుప దేహము గుండానే బ్యాటరీకి మరలును గదా! బోల్టు క్రింద తుప్పు చేరినచో కుదుపునకు ఆ దారి తెగును, మరల కలియును.

దీపమార్పి పరీక్షించుట వృథా. దీపము వెలిగించి, వోల్టుమీటరు కొనలలో ఒకటి బ్యాటరీ ఎర్తు ధ్రువమునకు, వేరొకటి దీపపు ఎర్తు తీగెకు తాకించి, తీగెను కదలింపుడు. సూచి అర వోల్టు దాటి ఎగిరినచో దోషము ఆ దారిలోనిదే. తుప్పు గీకి బోల్టు బిగింపుడు. సూచి కదలకయే దీపమారినచో హోల్డరును, కరెంటు తెచ్చు తీగెను చూడవలెను.