పక్కింటి రొట్టె



మన సిరిసిల్ల ప్రాంతములో గల్ఫ్ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. మరమగ్గము నడవక ఒకరు, బోరు ఎండి ఒకరు, చెల్లెలి పెండ్లి అప్పు తీర్చుటకు మరియొకరు వీసా కొనుక్కొని పోయారు. జగిత్యాల, కోరుట్ల వైపు ఇంకా ఎక్కువ. పోయిన పట్టణము మీదికే యుద్ధము వస్తే ఏమవుతుందో మాకు మొదటిసారి తెలిసింది 1990లో. అప్పటికి మాకు పదేండ్లు.

ఆ సంవత్సరము ఆగస్టు 2న తెల్లవారుజామున ఇరాకు సైన్యము కువైట్‌లో ప్రవేశించింది. రెండు రోజులలో దేశమంతా దాని చేతిలోకి వెళ్లింది. మా వాడలో ఒకామె కొడుకు అక్కడ మేస్త్రీ పనిలో ఉన్నాడు. ఆ రోజులలో ఇంటింటికి ఫోన్లు ఎక్కడివి? క్యాసెట్టులో మాటలు నింపి, ఊరికి వచ్చేవారి చేతికి ఇచ్చి పంపేవారు. ఆ తల్లి చివరగా వచ్చిన క్యాసెట్టును పొద్దున, సాయంత్రము వేసుకొని వినేది. టేపు సాగిపోయి కొడుకు గొంతు ముసలివాని గొంతులాగా వినబడుతుంటే, అది చెడ్డ శకునమని ఏడ్చేది. మా అమ్మ పోయి ఆమె దగ్గర కూర్చుండేది. రేడియోలో వార్తలు వచ్చే వేళకు వాడంతా ఆ ఇంటి ముందే చేరేది.

ఆ కొడుకు ఇప్పుడు మా సంఘములో పెద్ద. పేరు వేయవద్దన్నారు. ఈమధ్య వారి వరండాలో కూర్చొని అడిగితే చాలాసేపు చెప్పారు.

వారు ఎనిమిదిమంది హవల్లీ అనే పేటలో ఒకే గదిలో ఉండేవారట. యుద్ధము అనగానే మనము సరిహద్దు, ఫిరంగులు, ఎదురెదురుగా నిలిచిన సైనికులు అనుకుంటాము. పట్టణములో అట్లా ఉండదు. వీధి మలుపే సరిహద్దు. నిన్నటివరకు ఉప్పు పప్పు కొన్న దుకాణము ముందు ఇసుక బస్తాలు, తుపాకి పట్టుకొన్న పిల్లవాడు. "మీసాలు గూడ సరిగ రాలేదయ్యగారూ, మాకంటె వాడే ఎక్కువ భయపడుతుండె" అన్నారాయన. రాత్రి బయటికి రాకూడదు. పొద్దున లేచేసరికి ఎదురింటివాళ్లు ఉంటారో లేదో తెలియదు. ఆ ఏడు నెలలలో కనబడకుండా పోయినవారి పేర్లు కువైట్ ప్రభుత్వము తరువాత వ్రాస్తే 605 అయ్యాయి.

"తుపాకికంటె పిండి అయిపోవుడే ఎక్కువ భయముండె" అని కూడా చెప్పారు. ఆగస్టు 6న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టింది. గోదాములు, దుకాణములు దోచి లారీలలో తీసుకొని పోయారు. చేతిలో ఉన్న డబ్బు కూడా పనికి రాలేదు. ఎంతో విలువగల కువైట్ దినారును ఇరాకు తన దినారుతో సమానము చేసింది, తరువాత పూర్తిగా రద్దు చేసింది. రెండు సంవత్సరముల చెమట ఆ విధముగా కాగితమైపోయింది. ఇంటి దగ్గర మాత్రము నూటికి మూడు రూపాయల వడ్డీ ఒక్క నెల కూడా ఆగలేదు.

ఆ దినములలో పక్క వాటాలో ఒక పాలస్తీనా కుటుంబము ఉండేది. భార్య, భర్త, నలుగురు పిల్లలు. ఆ తల్లి రోజు విడిచి రోజు నువ్వులు చల్లిన రొట్టెలు గుడ్డలో చుట్టి వీరి తలుపు దగ్గర పెట్టిపోయేది. ఆమె పిల్లలకే చాలని పిండి అది. ఆమెకు వీరి భాష రాదు, వీరికి అరబ్బీ అంతంతే. అయినా అడగకుండానే పెట్టింది.

సెప్టెంబరులో వీరు బయలుదేరారు. బస్సులో బస్రా, అక్కడినుండి బాగ్దాదు, ఆపైన జోర్డాను సరిహద్దు ఎడారిలో గుడారములు. నీళ్ల లారీ వస్తే జనము మీద పడేవారట. అమ్మాను చేరిన తరువాత వంతు కొరకు ఎదురుచూపు. ఆగస్టు 13న మొదలుపెట్టి ఎయిరిండియా విమానములు 488 సార్లు తిరిగాయి. అన్ని మార్గములలో కలిపి లక్షా 70 వేలమందికి పైగా భారతీయులు ఇల్లు చేరారు. ప్రభుత్వమును తిట్టుటకు మనకు కారణములు దొరుకుతూనే ఉంటాయి గాని, ఈ పని మాత్రము గొప్ప పని.

ఆయన వచ్చిన తరువాత మా మందిరములో కృతజ్ఞత కూటము జరిగింది. మేకను కోసి భోజనము పెట్టారు. మా పిల్లలందరికి ఆ భోజనమే గుర్తు. సాక్ష్యము చివర ఆ తల్లి లేచి, "నా కొడుక్కు రొట్టె పెట్టినామె కోసము గూడ ప్రార్థన చేయుండ్రి" అన్నది. వేళ మించిపోయింది, వడ్డన సిద్ధముగా ఉన్నది. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. పెద్దయిన తరువాత మేమే బల్ల వెనుక నిలిచి, మనవారు క్షేమముగా వచ్చారని ఎన్నోసార్లు స్తోత్రము చెల్లించాము. విమానము లేనివారి కొరకు ఎన్నిసార్లు ప్రార్థించామో లెక్కపెడితే సిగ్గు కలుగుతుంది.

విమానము లేనివారు చాలామంది. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాదులో అమీరియా అనే పేటలో జనము దాక్కొన్న ఆశ్రయము మీద అమెరికా రెండు బాంబులు వేసింది. మొదటిది కాంక్రీటు కప్పును చీల్చింది, రెండవది లోపలికి దిగింది. 400 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు.

2014 జూన్‌లో మోసూలు పట్టణము ఐసిస్ చేతికి చిక్కినప్పుడు మన జిల్లాలనుండి ఇరాకు వెళ్లిన కూలీలు వందలమంది తిరిగి వచ్చారు. మోసూలులో పట్టుబడిన 39 మంది భారతీయ కూలీలు రాలేదు. వారు పంజాబు, హిమాచల్ ప్రదేశ్, బీహారు, బెంగాలు రాష్ట్రములవారు. చనిపోయారని 2018 మార్చిలోగాని తేలలేదు. నాలుగేండ్లు ఆ తల్లులు ఏ క్యాసెట్టు విన్నారో!

మోసూలు అంటే మనము సండేస్కూలులో నేర్చుకొన్న నీనెవెయే. కుడియెడమలు తెలియనివారి సంగతి ఎత్తి దేవుడు యోనాను అడిగిన పట్టణము. 2016 అక్టోబరునుండి 2017 జూలై వరకు అక్కడ వీధి వీధికీ యుద్ధము జరిగింది. పారిపోయేవారిని ఐసిస్ కాల్చింది, దాక్కొన్నవారి మీద బాంబులు పడ్డాయి. 2017 మార్చి 17న జదీదా పేటలో ఒక ఇంటి కప్పు మీద ఉన్న ఇద్దరు తుపాకివాళ్ల కొరకు బాంబు వేస్తే, ఆ ఇల్లు మొత్తము కూలింది. లోపల పేలుడు పదార్థములు కూడా ఉన్నాయని అమెరికా విచారణలో చెప్పారు. ఉన్నాయో లేవో, కింద తలదాచుకొన్న నూరుమందికి పైగా పోయారు. వారి లెక్కే 105. ఇద్దరి కొరకు 105 మంది!

మేము ఇవన్నీ చెప్పుతుంటే పెద్దగారు వింటూ ఊరుకొన్నారు. తరువాత లోపలికి పోయి, బైబిలులో దాచిన పాత కువైట్ దినారు నోటు ఒకటి తెచ్చి చూపించారు. 1991 ఫిబ్రవరి చివరన కువైట్‌కు విడుదల వచ్చింది. పాలస్తీనా నాయకులు ఇరాకు పక్షము వహించారని, అక్కడ సుమారు 4 లక్షలు ఉన్న పాలస్తీనావారిలో చాలామంది దేశము విడిచి పోవలసి వచ్చింది. ఆ కుటుంబము ఎటు పోయిందో ఆయనకు తెలియదు. 1993లో మళ్లీ కువైట్ పోయినప్పుడు వెతికారట. ఆ వాటాలో వేరేవారు ఉన్నారు.

ఆమె పేరేమని అడిగాము. అక్కడ తల్లులను పెద్దకొడుకు పేరు మీద, ఫలానావాని తల్లి అని పిలుస్తారట. ఆ పిల్లవాని పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చాలాసేపు ఆలోచించారు. "రొట్టె మీద నువ్వులు గుర్తున్నయి అయ్యగారూ, ఆ పేరు మాత్రం యాదికొస్తలేదు" అన్నారు.