మామిడిబండి కమానుకట్టలు

రెడ్డిగూడెము, కుదప, మద్దులపర్వ తోటలలో ఏప్రిలు మొదలుకొని జూను వఱకు కోత సాగును. బంగినపల్లి కాయను తొడిమతో కోసి, సొన కారనిచ్చి, గడ్డి పఱచిన ట్రేలలో పసిబిడ్డనువలె పేర్చు రైతు, బండి కెక్కించిన పిమ్మట దాని మాట మఱచుచున్నాడు. తోటనుండి తారురోడ్డు వఱకు గల డొంక నిడివి స్వల్పమే. కాని మొదటిదెబ్బ తగులునది అచ్చటనే. ఆ దెబ్బ పచ్చికాయపై కానరాదు. నున్న మార్కెటులో కొన్నవాడు మాగవేసిన పిదప నల్లమచ్చయై తేలును. మఱుసటిమాఱు అతడు మన సరకునకు ధర తగ్గించును.

బరువునకు కట్ట కుంగుచున్నదని మనలో పెక్కురు చిన్న లారీలకు మఱి రెండు కమానుపట్టీలు వేయించుచున్నారు. ఇది మేలు కాదు. సమానమైన పట్టీలు ఐదుండగా ఆఱవది చేర్చినచో బిగువు ఐదవవంతు పెరుగును. పట్టీ మందము రెట్టింపైనచో దాని బిగువు ఎనిమిదిరెట్లగును. బరువునకు 4 అంగుళములు దిగు కట్టపై బండి సెకనునకు ఒకటిన్నరమాఱు ఊగును. ఒక్క అంగుళమే దిగు కట్టపై మూడుమార్లు అదరును. మొదటిది ఊయల, రెండవది జల్లెడ. అంతేగాక, బిగిసిన కట్టపై ఖాళీబండి చక్రము గతుకు తగిలినపుడెల్ల నేలను విడుచును. నేల విడిచిన చక్రమునకు బ్రేకు లేదు, స్టీరింగును లేదు. బండి డొంకప్రక్క బోదెలోనికి ఒరిగినచో పైన కూర్చున్న కూలీల గతి యేమి? కాయలబండిపై మనుష్యుల నెక్కించుట ఎట్లును తగదు.

కట్ట కుంగినచో మొదట కారణమరయవలెను. విఱిగిన పట్టీయో, వదులైన యు-బోల్టో, మితిమీఱిన బరువో కావచ్చును. పట్టీలనడుమ మన ఎఱ్ఱమన్ను చేరి త్రుప్పుపట్టినచో కట్ట మొద్దుబాఱును. కడిగించి గ్రాఫైటు గ్రీజు పెట్టింపవలెను.

కమాను దెబ్బను మ్రింగును గాని, మ్రింగినదానిని మరల ఎగజిమ్మును. దాని నణచునది షాకు అబ్సార్బరు. గతుకులలో నడచివచ్చిన పిదప తక్కినవి వెచ్చగానుండి ఒకటిమాత్రము చల్లగానున్నచో అది చెడినదని యెఱుంగునది. చమురు కారుటయు అట్టి గుఱుతే.

ట్రాక్టరు ట్రక్కులు పెక్కింటికి కమానులే లేవు. అచ్చట బరువు పొందికయు, మెల్లని నడకయు శరణ్యము. రెండుచక్రముల ట్రక్కులో బరువు ఇరుసునకు కొంచెము ముందుండవలెను. వెనుకకు మొగ్గినచో ట్రాక్టరు పెద్దచక్రములకు పట్టు తప్పును. ముందునకు మితిమీఱినచో ముందుచక్రములు లేచును. ఏ బండియందైనను పైవరుస ట్రేలు, వెనుక ఇరుసుమీది ట్రేలు అధికముగా నెగురును. అచ్చట గట్టిదైన కలెక్టరుకాయ నుంచి, బంగినపల్లిని నడుమ క్రిందివరుసలలో పేర్చి, పైన త్రాడు బిగింపవలెను.

ఇక టైరు. గాలిటైరునకు 1888లో పేటెంటు పొందినవాడు డన్లపు. మన పెద్దలు టైరుబండిని డన్లపుబండి యనుటలో ఆయన పేరే నిలిచినది. బండికి మొదటి కమాను ఈ గాలియే. డొంకలో గాలి కొంత తగ్గించినచో టైరు నేలను పఱచుకొని పట్టును. కాని అట్లే తారురోడ్డుపై పరుగెత్తించినచో వేడెక్కి ప్రేలును. గాలి నింపు తావు దూరమని డ్రైవర్లు తగ్గించుటకే యిష్టపడరు. డొంక రోడ్డును కలియు తోట షెడ్డులో సభ్యులు కలసి ఒక గాలిపంపును, గేజిని కొని కోతకాలమున ఉంచుకొనినచో ఆ సాకు తీరును.