ఎవరూ కోరని కళాశాల.. సీటు మాత్రం అక్కడే!

ఇబ్రహీంపట్నం: ఇంజినీరింగ్ ప్రవేశాల వేళ విద్యార్థుల నోట వినిపించేవి పది, పదిహేను కళాశాలల పేర్లే. కౌన్సెలింగ్ జాబితాలో మాత్రం వందకు పైగా ఉంటాయి. వాటిలో కొన్నింటిని ఏ విద్యార్థీ కోరి ఎంచుకోడు. ఊళ్లో ఆ పేరు చెబితే తెలిసినవారు పెదవి విరుస్తారు. అయినా ఏటా కొందరికి అక్కడే సీటు వస్తోంది. వారిలో అత్యధికులు గ్రామీణ విద్యార్థులు, ఆ కుటుంబంలో తొలిసారి కళాశాల మెట్లెక్కేవారు. తాము ఎన్నడూ కోరని కళాశాలలో వీరు ఎలా చేరవలసి వస్తోందన్నది తల్లిదండ్రులకు చాలామందికి అంతుపట్టని విషయం. నిజానికి కంప్యూటరు తనంతట తానుగా ఎవరినీ ఎక్కడికీ పంపదు. జాబితాలో ఆ పేరు ఎవరో ఒకరు పెట్టే ఉంటారు.

ఏడు వందలకు చేరి.. మళ్లీ కిందికి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి బోధన రుసుముల చెల్లింపు పథకం విస్తృతంగా అమలైంది. పేద కుటుంబాల పిల్లలకు ఇంజినీరింగ్ చదువు అందుబాటులోకి వచ్చింది. ఆ మేలును ఎవరూ కాదనలేరు. అదే సమయంలో సీటు నిండితే చాలు, రుసుము ప్రభుత్వమే చెల్లిస్తుందన్న ధీమా యాజమాన్యాల్లో పెరిగింది. సాగర్ రహదారి వెంట ఇబ్రహీంపట్నం పరిసరాల్లోనూ, ఘట్‌కేసర్, కీసర, మొయినాబాద్ వైపునా పంట పొలాల మధ్య కళాశాలల భవనాలు లేచాయి. 2012 నాటికి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కళాశాలల సంఖ్య 700 దాటింది. ఇంటర్ ఎంపీసీ ఉత్తీర్ణులై, ప్రవేశ పరీక్షలో అర్హత పొందినవారి కంటే సీట్లే ఎక్కువయ్యాయి.

రాష్ట్ర విభజన జరిగిన 2014లో హైదరాబాద్ జేఎన్‌టీయూ 174 కళాశాలలకు అనుబంధ గుర్తింపు నిరాకరించింది. అధ్యాపకులు, ప్రయోగశాలలు నిబంధనల మేరకు లేవన్నది కారణం. వివాదం న్యాయస్థానాలకు చేరింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో తెలంగాణలో కళాశాలల సంఖ్య క్రమంగా తగ్గుతూ వచ్చింది. వరుసగా అయిదేళ్లు 30 శాతం సీట్లయినా నిండని కళాశాలలను మూసివేయాలని అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) 2017లో ప్రకటించింది. 2020-21 నుంచి కొన్నేళ్ల పాటు కొత్త కళాశాలలకు అనుమతులను నిలిపివేసింది. 2024-25 నుంచి మాత్రం బాగా నడుస్తున్న సంస్థల్లో ఒక్కో బ్రాంచిలో సీట్లకు ఉన్న గరిష్ఠ పరిమితిని తొలగించింది. పేరున్న కళాశాలలో కంప్యూటర్ సైన్స్ సీట్లు పెరిగితే ఆ మేరకు ఖాళీ అయ్యేది ఊరి చివరి చిన్న కళాశాలే.

ఖర్చు లేనిది అదే

విద్యార్థి ఆ చిన్న కళాశాలకు చేరడానికి అసలు కారణం రుసుముల లెక్కలో ఉన్నది. 2012లో ప్రభుత్వం రుసుము చెల్లింపునకు పరిమితి విధించింది. ఎస్సీ, ఎస్టీల వంటి కొన్ని వర్గాలను మినహాయించి, ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికే పూర్తి రుసుము చెల్లించాలని, మిగిలినవారికి రూ.35,000 మాత్రమే ఇవ్వాలని నిర్ణయించింది. తెలంగాణ ఏర్పడిన తర్వాతా ఈ విధానమే కొనసాగింది.

హైదరాబాద్‌లోని పేరున్న ప్రైవేటు కళాశాలల్లో వార్షిక రుసుము లక్షన్నర రూపాయలు దాటిన సందర్భాలు ఉన్నాయి. 40 వేల ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి అదృష్టవశాత్తు అలాంటి చోట ఏదో ఒక బ్రాంచిలో సీటు దొరికినా, ఏటా లక్షకు పైగా సొంతంగా కట్టుకోవాలి. రెండెకరాల మెట్ట సాగుచేసే కుటుంబానికి అది నాలుగేళ్ల పాటు మోయగలిగిన భారం కాదు. దాంతో వారు కనీస రుసుమున్న కళాశాలల వైపు చూస్తారు. తెలంగాణలో కనీస రుసుము రూ.35,000 ఉన్నంత కాలం అక్కడ చేతి నుంచి పడేది దాదాపు ఏమీ ఉండేది కాదు. 2022లో దాన్ని రూ.45,000 చేయడంతో ఏటా పది వేల తేడా వచ్చింది. అయినా లక్షతో పోలిస్తే అది చిన్న మొత్తమే. తక్కువ రుసుమున్న కళాశాలలన్నీ నాసిరకమైనవి కావు. శ్రద్ధగా పాఠాలు చెప్పేవి వాటిలోనూ ఉన్నాయి. అయితే ఎవరూ కోరని కళాశాలలు దాదాపుగా ఈ వరుసలోనే కనిపిస్తాయి. ఏది ఏదో తేల్చుకోవలసిన భారం మాత్రం పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల మీద పడుతోంది.

అరవైవ ఐచ్ఛికం

వెబ్ కౌన్సెలింగ్‌లో విద్యార్థి ఎన్ని ఐచ్ఛికాలైనా ఇవ్వవచ్చు. కంప్యూటరు ర్యాంకుల వారీగా ఒక్కో విద్యార్థి జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. అతని రిజర్వేషన్ వర్గం, స్థానికత తదితరాలను బట్టి ఎక్కడ మొదట ఖాళీ దొరికితే ఆ సీటును కేటాయించి అక్కడితో ఆగిపోతుంది. 45 వేల ర్యాంకు విద్యార్థి 60 ఐచ్ఛికాలు ఇచ్చాడనుకుంటే, మొదటి 59 చోట్లా సీటు లేకపోతే 60వది ఖాయమవుతుంది. అది ఎన్నడూ చూడని కళాశాల కావచ్చు. జాగ్రత్త కోసమని చివర రాసిన పేరు కావచ్చు.

వీలైనన్ని ఎక్కువ ఐచ్ఛికాలు ఇవ్వాలని సహాయ కేంద్రాల్లో అధికారులు చెబుతుంటారు. ఆ సలహా తప్పు కాదు. నాలుగైదు పేర్లే రాసి సీటు దక్కక నష్టపోయినవారు ఏటా ఉంటారు. కాకపోతే ఆ సలహాలో చెప్పకుండా మిగిలిపోయే సగం ఒకటున్నది. చేరడానికి సిద్ధంగా లేని కళాశాల పేరు జాబితాలో చిట్టచివర కూడా ఉండకూడదు. తొలి విడతలో వచ్చిన సీటుకు రుసుము చెల్లించి ఆన్‌లైన్‌లో చేరికను ధ్రువీకరించినవారు తర్వాతి విడతలో మళ్లీ ఐచ్ఛికాలు ఇవ్వవచ్చు. అందులో మెరుగైన సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. రాకపోతే పాతదే మిగులుతుంది. అన్ని విడతలూ ముగిశాక తక్షణ ప్రవేశాల్లో చేరితే రుసుము చెల్లింపు పథకం వర్తించదు.

ఇక ఐచ్ఛికాలు ఎవరు నింపుతున్నారన్నది మరో సంగతి. కళాశాల పేర్లు చదివి మంచిచెడులు చెప్పేవారు పల్లెల్లో తక్కువ. ఇంటికి వచ్చి మరీ చెప్పేది పీఆర్వోలు. ఇంటర్ పరీక్షలు ముగియకముందే వీరు ఊళ్లలో తిరుగుతుంటారు. బస్సు ఉచితమని, హాస్టల్ రుసుములో రాయితీ అని, ల్యాప్‌టాప్ ఇస్తామని చెప్పి హాల్‌టికెట్ నంబరు, ధ్రువపత్రాలు తీసుకుంటారు. వెబ్ కౌన్సెలింగ్ మొదలైన తొలినాళ్లలో పాస్‌వర్డ్ కూడా వీరి చేతికి వెళ్లేది. ఐచ్ఛికాలు వీరే నింపేవారు. ఈ అక్రమాలను అడ్డుకునేందుకే విద్యార్థి ఫోనుకు ఓటీపీ వచ్చే విధానం తెచ్చారు. ఫోనులో అడిగిన వెంటనే ఆ అంకెలు చెప్పేస్తే మాత్రం ఈ ఏర్పాటు వల్ల ప్రయోజనం ఉండదు.

పట్టికలో తెలిసేది

కళాశాల స్థాయిని అంచనా వేయడానికి అందరికీ అందుబాటులో ఉన్న ఆధారం గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక. ప్రవేశాల వెబ్‌సైటులో కళాశాల, బ్రాంచి, రిజర్వేషన్ వర్గాల వారీగా ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో అందులో ఉంటుంది. ఒక బ్రాంచిలో అన్ని వర్గాల సీట్లూ అర్హుల జాబితాలో చిట్టచివరి ర్యాంకుల వరకు వెళ్లినా, గడులు ఖాళీగా ఉన్నా అక్కడ సీట్లు నిండలేదని అర్థం. ఒక్క బ్రాంచిని చూసి తీర్పు ఇవ్వరాదు. సివిల్, మెకానికల్ సీట్లు ఇటీవలి సంవత్సరాల్లో మంచి కళాశాలల్లోనూ మిగిలిపోయాయి. అందరూ ఎగబడే కంప్యూటర్ సైన్సులో కూడా ఖాళీలుంటే అనుమానించవలసిందే. కొన్ని సంస్థలు అనుమతి తీసుకుని పేరు మార్చుకుంటాయి. కొత్త పేరు కనిపిస్తే పాతదేమిటో విచారించడం మేలు.

న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి వర్తిస్తుంది. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు. ప్రకటనలో ‘ఎన్‌బీఏ గుర్తింపు పొందినది’ అని ఉంటే ఏ బ్రాంచికి, ఎప్పటి వరకు అన్నది అడగాలి. ఫ్లెక్సీలపై కనిపించే ఉద్యోగాల లెక్క కూడా అంతే. ఒకే విద్యార్థికి మూడు సంస్థల్లో ఉద్యోగం వస్తే మూడుగా లెక్కించడం పరిపాటి.

ఒక్క పూట చూసి వస్తే..

అధ్యాపకుల జాబితా సహా ముఖ్య వివరాలను కళాశాలలు తమ వెబ్‌సైటులో తప్పనిసరిగా ఉంచాలన్నది ఏఐసీటీఈ నిబంధన. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. తనిఖీల రోజున మాత్రమే కనిపించే అధ్యాపకులు, ఒకే పేరును రెండు మూడు కళాశాలల్లో చూపడం వంటివి బయటపడిన తర్వాతే బయోమెట్రిక్ హాజరు వచ్చింది. ఐచ్ఛికాలు ఇచ్చే ముందు ఒక పనిదినాన కళాశాలకు వెళ్లి రావడం కంటే మంచి మార్గం లేదు. ప్రయోగశాల తలుపులు తెరిచే ఉన్నాయా, మధ్యాహ్నం తర్వాత తరగతులు నడుస్తున్నాయా, రెండో సంవత్సరం విద్యార్థులు ఏమంటున్నారు అన్నవి గంటలో తెలిసిపోతాయి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంటే తెలియవు. గేటు బయట టీ కొట్టు దగ్గర తెలుస్తాయి.

మధ్యలో మూతపడితే

విద్యార్థులు చేరక కళాశాల మూతపడే పరిస్థితి వస్తే రెండు పద్ధతులున్నాయి. ఒకటి క్రమానుగత మూసివేత. కొత్తగా మొదటి సంవత్సరంలో చేర్చుకోరు, అప్పటికే ఉన్నవారు కోర్సు పూర్తయ్యే వరకు అక్కడే చదువుతారు. జూనియర్లు లేని ప్రాంగణంలో, ఒక్కొక్కరుగా వెళ్లిపోయే అధ్యాపకుల మధ్య చివరి బ్యాచి మిగులుతుంది. రెండోది పూర్తి మూసివేత. ఉన్న విద్యార్థులను విశ్వవిద్యాలయ అనుమతితో ఇతర కళాశాలలకు సర్దుబాటు చేస్తారు. దూరం, బస్సు, హాస్టల్ ఏర్పాట్లన్నీ విద్యార్థి మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే కాబట్టి అది చెల్లుతుంది.

తరగతులు మొదలుకాక ముందే సీటు వదులుకునేవారికి గరిష్ఠంగా రూ.1,000 మినహాయించి మిగతా రుసుము తిరిగి ఇవ్వాలని ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో స్పష్టం చేసింది. మొదటి నెలలోనే వెళ్లిపోవాలనుకున్న విద్యార్థికి నాలుగేళ్ల రుసుము కట్టి పత్రాలు తీసుకెళ్లమనే కళాశాలలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నకలుపై అందినట్లు ముద్ర వేయించుకోవాలి. తిరస్కరిస్తే ఆ నకలుతో అనుబంధ విశ్వవిద్యాలయానికి, ఉన్నత విద్యామండలికి ఫిర్యాదు చేయవచ్చు.