చొక్కా కిందికి చేరిన తుపాకీ

1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్ మనవాడైపోయాడు. అప్పట్నుంచీ తెలుగు ప్రేక్షకుడికి తుపాకీ అంటే నడుముకు వేలాడే రివాల్వరే. ఆ కౌబాయ్ పుట్టింట్లో, అంటే అమెరికాలో, ఇవాళ సామాన్యుడు పెట్టుకు తిరిగేది ఎక్కువగా పిస్టల్. అదీ చొక్కా కింద, ఎవరికీ కనపడకుండా. దాచుకోవడానికి వీలుగా లేదు కాబట్టే రివాల్వర్ పోయిందని చాలామంది అనుకుంటారు. జరిగిన వరస అది కాదు.

ముందు యంత్రం సంగతి. రివాల్వర్‌లో తూటాలు సిలిండర్ అనే గుండ్రటి దిమ్మలో ఉంటాయి, గదికొకటి చొప్పున, మామూలుగా ఆరు. ట్రిగ్గర్ లాగితే ఆ ఒక్క లాగుడుకే దిమ్మ ఒక గది తిరగాలి, సుత్తి వెనక్కి లేచి పడాలి. అంత పనీ వేలిదే కాబట్టి లాగడానికి సుమారు ఐదు కిలోల బలం కావాలి. పిస్టల్‌లో తూటాలు పిడి లోపలి మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పేలిన తూటా శక్తే ఖాళీ గుల్లను బయటికి విసిరి తర్వాతి తూటాను ఎక్కిస్తుంది. అయితే పిస్టల్ ఇరుక్కుంటే సరిచేయడానికి రెండు చేతులూ కావాలి. రివాల్వర్‌లో తూటా పేలకపోతే ఇంకోసారి లాగితే చాలు. ఈ నమ్మకంతోనే అమెరికా పోలీసులు దశాబ్దాల పాటు దాన్ని వదల్లేదు.

1986 ఏప్రిల్ 11న మయామీలో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు బ్యాంకు దొంగల్ని అడ్డుకున్నారు. దొంగల దగ్గర రైఫిల్ ఉంది. ఏజెంట్లలో ఎక్కువమందివి రివాల్వర్లు. తూటాలు అయిపోయి మళ్లీ నింపుకుంటున్న ఒక ఏజెంటుకు చేతికే దెబ్బ తగిలింది. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. విచిత్రమేమిటంటే, చనిపోయిన ఇద్దరి దగ్గరా ఉన్నవి పిస్టళ్లే. గాయపడి కూడా లేచి దొంగలిద్దరి పని పూర్తి చేసిన ఏజెంటు చివర్లో వాడింది రివాల్వర్. అయినా నింద రివాల్వర్ నెత్తినే పడింది. ఎఫ్‌బీఐ పిస్టల్ వైపు కదిలింది, మిగతా పోలీసులూ అదే దారి పట్టారు. సరిగ్గా అప్పుడే ఆస్ట్రియా నుంచి గ్లాక్ దిగింది: తేలికైన ప్లాస్టిక్ పిడి, మ్యాగజైన్‌లో 17 తూటాలు. 1986లో అమెరికా కర్మాగారాల్లో పిస్టళ్ల కంటే రివాల్వర్లే ఎక్కువ తయారయ్యాయి. 1987లో లెక్క తిరగబడింది.

దాచుకుని తిరిగే హక్కు ఊపందుకున్నదీ 1987లోనే, ఫ్లోరిడాలో. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో లైసెన్సు అధికారి దయ. ఫ్లోరిడా చట్టం అర్హత ఉంటే ఇచ్చి తీరాలంది. టెక్సస్‌ను కదిలించింది 1991లో కిలీన్ పట్టణంలోని లూబీస్ హోటల్ కాల్పులు. 23 మంది చనిపోయారు, వాళ్లలో సుజానా హప్ అమ్మానాన్నలూ ఉన్నారు. చట్టానికి భయపడి తన తుపాకీని కార్లోనే వదిలి వచ్చానని ఆమె ఊరూరా చెప్పింది. 1995లో టెక్సస్ చట్టం మార్చింది. 2013కల్లా అన్ని రాష్ట్రాలూ ఏదో రూపంలో ఒప్పుకున్నాయి, 2022లో సుప్రీంకోర్టు ముద్ర పడింది. ఇప్పుడు 29 రాష్ట్రాల్లో లైసెన్సే అక్కర్లేదు. దీనివల్ల నేరాలు తగ్గాయన్న వాదనకు గట్టి ఆధారం నాకైతే కనపడలేదు. టెక్సస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు కొన్ని దుకాణాల తలుపుల మీద ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాసిన పెద్ద బోర్డు, దాని మీద 30.06 అనే అంకె చూసే ఉంటారు. తుపాకీ దాచుకుని లోపలికి రావద్దని చెప్పే చట్టం సెక్షను నంబరది.

దాచుకోవడం మొదలైన కొత్తలో రివాల్వర్‌దే పైచేయి. స్మిత్ అండ్ వెసన్ 1950లో తెచ్చిన ఐదు తూటాల బుల్లి రివాల్వర్ జేబులో పట్టేది. దాన్ని దెబ్బతీసింది, నా లెక్కలో, తుపాకుల్ని కట్టడి చేయాలని తెచ్చిన చట్టమే. 1994లో అమెరికా కేంద్ర ప్రభుత్వం జనానికి పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్లు అమ్మకూడదంది. పదే పట్టేటప్పుడు పెద్ద తుపాకీ ఎందుకు? కంపెనీలు కుదించడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడే గ్లాక్ 26 వచ్చింది. 2004లో నిషేధం గడువు తీరిపోయినా చిన్న తుపాకులు నిలిచిపోయాయి. 2018లో వచ్చిన సిగ్ పీ365 మందం ఇంచుమించు ఒక అంగుళమే, పట్టేవి 11 తూటాలు. ఎంత సన్నం చేద్దామన్నా రివాల్వర్‌లో గుండ్రటి దిమ్మ అడ్డం. నడుము దగ్గర చొక్కా మీద ఉబ్బు కనపడేది అక్కడే.

మన దేశంలో మాత్రం రివాల్వర్ బతికే ఉంది, అదీ చట్టం చలవే. సైన్యం, పోలీసులు పిస్టళ్లలో వాడే 9 ఎంఎం తూటా సామాన్యుడికి నిషిద్ధం. లైసెన్సు దొరికినవాడు ఎక్కువగా .32 తూటాతో సరిపెట్టుకోవాలి. ఆ తూటా వాడే రివాల్వర్‌ను కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం చేస్తుంది. నిర్భయ ఘటన తర్వాత, 2014లో, మహిళల కోసమంటూ అక్కడి నుంచే ‘నిర్భీక్’ వచ్చింది. బరువు సుమారు అర కిలో, తూటాలు ఆరు, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైచిలుకు.