శాసనము, ఇటుక, మట్టిపొర : మధ్యయుగ వియత్నాము రాజవాస్తు పరిశీలన

వాస్తుశబ్దము నివాసార్థకమగు వసధాతువునుండి నిష్పన్నమైనది. ప్రాసాదశబ్దమును మన కోశకారులు దేవతల గృహమునకును, రాజుల గృహమునకును సమానముగ ప్రయోగించిరి. ఒకే శబ్దమునకు గల ఈ రెండర్థములును కాలము చేతిలో సమానముగ రక్షింపబడవు. దేవగృహము శిలామయమో, ఇష్టకామయమో యగుటచే చిరకాలము నిలుచును. రాజగృహము దారుమయమగుటచే అగ్నికిని, చెదలకును, శత్రుసైన్యములకును ఆహుతి యగును. అట్లు మొదటిది నేలపై నిలిచి, రెండవది మట్టిక్రింద మాత్రమే మిగిలిన దేశమున ఒకనాటి రాజవాస్తువును ఏ ప్రమాణములతో నిర్ణయింపవలెను? ఈ ప్రశ్నకు వియత్నాము దేశము చక్కని ఉదాహరణము. అచ్చటి శాసనములలో అనేకము సంస్కృతభాషలో నుండుటచే ఈ విషయము ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు దూరమైనది కాదు.

1. రెండు రాజ్యములు

నేడు వియత్నాము అని పిలువబడు దేశమున మధ్యయుగమందు రెండు భిన్న సంప్రదాయములకు చెందిన రాజ్యములు వెలసినవి. ఉత్తరమున ఎఱ్ఱనది మైదానమందు వియత్ జాతివారి దాయ్ వియత్ రాజ్యము. క్రీ.శ. 1010లో లీ వంశస్థాపకుడైన లీ థాయ్ తో తన రాజధానిని హోయా లూ నుండి నేటి హనోయి స్థలమునకు మార్చి, దానికి థాంగ్ లాంగ్ అని పేరిడెను. పైకెగయు డ్రాగన్ అని ఆ పేరునకు అర్థము. అచ్చటి రాజవ్యవహారము చీనాలిపిలో జరిగెను.

మధ్యభాగమున సముద్రతీరము వెంబడి ఛాము జాతివారి చంపారాజ్యము. దాని రాజులు భద్రవర్మ, శంభువర్మ, ఇంద్రవర్మ ఇత్యాది నామములు దాల్చి, శివుని కులదైవముగ కొలిచి, సంస్కృతమునను ఛాము భాషయందును శాసనములు వేయించిరి. ఉత్తరరాజ్యము క్రమముగ దక్షిణమునకు విస్తరించి, 1471లో లే థాన్ తోంగ్ అను రాజు చంపా రాజధానియైన విజయనగరమును పట్టుకొనెను. అటుపిమ్మట చంపా కుంచించుకొనిపోయినది.

2. శబ్దప్రమాణము : మీ సన్ శాసనములు

చంపారాజుల ప్రధానక్షేత్రము 2025 వరకు క్వాంగ్ నామ్ మండలమున నుండిన మీ సన్ లోయ. నలువైపుల కొండలు చుట్టియున్న ఈ లోయలో సుమారు 4వ శతాబ్దినుండి 13వ శతాబ్దివరకు రాజులు ఆలయములు కట్టించిరి. 1903-1904 సంవత్సరములలో హెన్రీ పార్మెంతియే, షార్ల్ కార్పో అను ఫ్రెంచి విద్వాంసులు ఇచ్చట త్రవ్వకములు జరిపిరి. శాసనములను లూయీ ఫినో పరిష్కరించి ప్రకటించెను. ఆలయసముదాయములకు పార్మెంతియే ఇచ్చిన రోమను అక్షరసంకేతములే నేటికిని వ్యవహారమున నున్నవి.

ఇచ్చటి ప్రాచీనశాసనము భద్రవర్మది. ఆతడు తన పేరిట భద్రేశ్వరుని ప్రతిష్ఠించి, స్వామికి లోయయందలి భూమిని సమర్పించి, నాలుగు దిక్కుల ఎల్లలను చెప్పించెను. 7వ శతాబ్ది తొలిపాదమున ఏలిన శంభువర్మ కాలపు శాసనము ఆ ఆలయము పూర్వము అగ్నిదగ్ధమైనట్లును, శంభువర్మ దేవుని మరల ప్రతిష్ఠించి శంభుభద్రేశ్వర నామమిచ్చినట్లును తెలుపుచున్నది. దగ్ధమైనదనుటచే మొదటి ఆలయము దారుమయమని పండితులు నిర్ణయించిరి. ప్రతిష్ఠించిన రాజు పేరునకు ఈశ్వరశబ్దమును చేర్చు ఈ పద్ధతి మనదేశపు ఆలయములందును సుపరిచితమే. 658లో వేయబడిన ప్రకాశధర్ముని శాసనమున రాజవంశక్రమమును, కౌండిన్య, సోమల కథయు కలవు. ఆ రాజే 687లో ఈశానేశ్వరునకు కోశమును, భద్రేశ్వరునకు మకుటమును సమర్పించెను. కోశమనగా లింగమునకు తొడుగు లోహకవచము.

శాసనము దేవుని పేరు, దాతపేరు, శకవర్షము, దానము, ఎల్లలు చెప్పును. శకవర్షమును భూతసంఖ్యలతో చెప్పు ఆచారము చంపాయందును కలదు. అట్టి సంకేతములను విప్పుట మన పాఠశాలా విద్యార్థులకు కరతలామలకము. అయితే ఆలయము ఎంత యెత్తు, గోడ ఎట్లు కట్టిరి, పైకప్పు దేనిది అను ప్రశ్నలకు శాసనము ప్రాయికముగ మౌనము వహించును. దేవుని నామము ఒక్కటే యుండగా గృహము మూడుమార్లు మారవచ్చును. నామము నిత్యము, గృహము అనిత్యము. ఈ భేదమును విస్మరించి, శాసనవర్షమునే ఎదుటనున్న కట్టడమునకు అన్వయించుట దోషము. మీ సన్ లోయలో భద్రవర్మనాటి కట్టడము ఒక్కటియు నేలపై నిలువలేదు.

3. ప్రత్యక్షప్రమాణము : ఇటుక ప్రాసాదములు

నేడు కనబడు కట్టడములు ఇటుకవి. గర్భగృహముతో కూడిన ప్రధానగోపురమును ఛాము భాషలో కలన్ అందురు. దాని యెదుట ద్వారగోపురము, మండపము, ఒకప్రక్క కోశగృహము. బి సముదాయమందలి కోశగృహపు పైకప్పు ఓడయాకారమున నున్నది. కలన్ లోపలి కప్పునకు కమాను పద్ధతి లేదు. ఇటుకల వరుసను క్రింది వరుసకంటె కొంచెము లోనికి జరిపి, నాలుగు గోడలను పైన కలియునట్లు కట్టిరి. ఇటుకల నడుమ సందు కనబడనంతగా అతికిరి. బంధకముగ చెట్టుజిగురువంటి సేంద్రియపదార్థమును వాడిరని కొందరు పరిశోధకుల అభిప్రాయము. శిల్పమును గోడ లేచిన పిమ్మట ఇటుకపైననే చెక్కిరి.

ఇ సముదాయమందలి మొదటి ఆలయము మరియొక పాఠము చెప్పుచున్నది. దాని శిలాపీఠము చుట్టును తపస్వుల జీవితము చెక్కబడినది. ఆ పీఠము నేడు దానాంగ్ నగరమందలి ఛాము శిల్పసంగ్రహాలయమున నున్నది. ఆ ఆలయపు గోడలు పలుచనివి. లోపల నాలుగు స్తంభముల ఆధారములు కలవు. అట్టి గోడలు ఇటుకశిఖరపు బరువు మోయజాలవు కనుక పైకప్పు దారుమయమని ఊహించిరి. దారుమయమగు తొలి ఆలయమునకును, సంపూర్ణముగ ఇష్టకామయమగు తరువాతి గోపురమునకును నడిమి దశ ఇది.

ప్రత్యక్షము బలవత్తర ప్రమాణమని తార్కికుల సిద్ధాంతము. అయినను ప్రత్యక్షమునకు విషయము నశింపకుండుట అవసరము. ఛాము వాస్తువునకు శిరోభూషణముగ పేర్కొనబడిన ఏ-1 కలన్, సుమారు 24 మీటర్ల యెత్తు గలది, 1969లో అమెరికా విమానముల బాంబుదాడిలో కూలిపోయెను. నేడు దాని స్వరూపమును పార్మెంతియే గీసిన పటములు, ఛాయాచిత్రములనుండియే ఎరుగుచున్నాము. 875లో ఇంద్రవర్మ లక్ష్మీంద్రలోకేశ్వరునకు కట్టించిన డాంగ్ దువాంగ్ బౌద్ధవిహారమునకును యుద్ధములో ఇదే గతి పట్టినది. ఆ మహావిహారమున నేడు ఒక ద్వారగోపురశకలము మాత్రమే నిలిచియున్నది. 1902లో పార్మెంతియే జరిపిన త్రవ్వకముల లేఖనములు లేకున్నచో ఆ విహారపు నిర్మాణక్రమము మనకు దక్కెడిది కాదు.

1980 దశకమునుండి పోలండు వాస్తువిద్వాంసుడు కజిమిఎజ్ క్వియత్కోవ్‌స్కీ శిథిలములను నిలబెట్టు కృషి చేసెను. 1999లో యునెస్కో మీ సన్ క్షేత్రమును ప్రపంచవారసత్వముగ గుర్తించెను. 2014 ఒప్పందము ననుసరించి భారత పురావస్తుశాఖ 2017 నుండి 2022 వరకు ఏ, హెచ్, కె సముదాయములను పునరుద్ధరించెను. ఆ పనిలో 2020లో ఏ-10 ఆలయమున ఏకశిలానిర్మితమైన శివలింగము, పీఠముతో కూడ బయల్పడెను. దానిని 9వ శతాబ్దికి చెందినదిగ నిర్ణయించిరి.

4. అనుమానప్రమాణము : థాంగ్ లాంగ్ మట్టిపొరలు

ఇప్పుడు ఉత్తరమునకు పోవుదము. థాంగ్ లాంగ్ రాజప్రాసాదములు దారుమయములు. లీ వంశమువారివి గాని, తరువాతి త్రాన్ వంశమువారివి గాని ఒక్కటియు నిలువలేదు. లే వంశమువారి కిన్ థియెన్ ప్రాసాదమున 1467నాటి డ్రాగన్ శిల్పములతో కూడిన రాతిమెట్లు మాత్రము మిగిలినవి. ఇట్లుండగా 2002 డిసెంబరులో, నూతన శాసనసభాభవన నిర్మాణమునకు పూర్వము, హనోయి నగరమున హువాంగ్ దియూ వీధి 18వ సంఖ్యగల స్థలమున త్రవ్వకములు ఆరంభమయ్యెను. సుమారు 19,000 చదరపు మీటర్లు త్రవ్వగా, చీనా పాలనాకాలపు దాయ్ లా నగరము మొదలు దిన్, లీ, త్రాన్, లే వంశముల వరకు ఒకదానిపై నొకటిగ పొరలు బయల్పడినవి. 2010లో, రాజధానికి వేయి యేండ్లు నిండిన సంవత్సరమున, ఈ స్థలమునకును యునెస్కో గుర్తింపు లభించెను.

స్తంభములు లేవు, కప్పులు లేవు. మరి ప్రాసాదము ఎట్లు తెలిసినది? స్తంభము నిలుపుటకు నేలలో చతురస్రపు గుంట త్రవ్వి, గులకరాళ్లు, ఇటుకముక్కలు, బంకమట్టి పొరలుపొరలుగ నింపి, దిమ్మిసతో గట్టిపరచి, దానిపై పద్మదళములు చెక్కిన రాతిదిమ్మెను ఉంచెడివారు. స్తంభము కుళ్లిపోయినను, దిమ్మెను తరలించినను గుంట మిగులును. గుంటల వరుసలచే స్తంభముల సంఖ్యయు, నడిమి దూరమును, మండపపు పొడవు వెడల్పులును సిద్ధించును. ధూమమును చూచి వహ్నిని ఊహించినట్లు గుంటను చూచి స్తంభమును ఊహించుటయే ఇచ్చటి అనుమానము. చూరుపెంకులపై పద్మములు, ఇంటికప్పుల అలంకారమునకు అశ్వత్థపత్రాకృతిలో చేసిన మట్టిఫలకములు, వానిపై డ్రాగను, ఫీనిక్సు పక్షి రూపములు దొరకినవి. వీనిచే పైకప్పు అలంకారము కొంతవరకు తెలియును. కప్పు యెత్తు, వాలు మాత్రము గుంటలచే సిద్ధింపవు. అచ్చటి పండితులు మట్టితో చేసిన గృహప్రతిరూపముల సాయమున రచించిన చిత్రములను ఊహలుగనే గ్రహింపవలెను.

ఇటుకలపై ముద్రలును కలవు. ఒక ముద్ర ఆ ఇటుక లీ వంశపు మూడవ చక్రవర్తి కాలమున, ఆతని లాంగ్ థూయ్ థాయ్ బిన్ శకపు నాలుగవ యేట చేయబడినదని చెప్పును. అది క్రీ.శ. 1057. ఇంతకంటె నిశ్చితమైన సాక్ష్యమేమి కావలెనని తోచును. కాని పాతయిటుకలను ఏరి కొత్తగోడలకు వాడుట అన్నిదేశములందును కలదు. 1057 ముద్రగల ఇటుక త్రాన్ కాలపు గోడలోను దొరకవచ్చును. ముద్ర ఇటుక పుట్టిన సంవత్సరమును చెప్పును గాని గోడ పుట్టిన సంవత్సరమును చెప్పదు. ఆ గోడ 1057కు పూర్వముది కాదనునంతవరకే ఆ సాక్ష్యమునకు బలము. గోడ కాలమునకు ఆ ముద్రనే హేతువుగ చెప్పినచో అది సవ్యభిచారహేతువగును. మీ సన్ శాసనవిషయమున చెప్పిన దోషమే ఇచ్చట రూపాంతరమున కనబడుచున్నది.

5. రెండు సంప్రదాయముల కలయిక

యుద్ధములు ఈ రెండు రాజ్యములను పరస్పరము దగ్గరకును చేర్చినవి. 1044లో లీ రాజు చంపాపై దండెత్తి వేలకొలది బందీలను ఉత్తరమునకు కొనిపోయెను. 1069లో ఆతని కుమారుడు లీ థాన్ తోంగ్ చంపారాజైన రుద్రవర్మను బంధించెను. ఆ కాలపు ఫాత్ తిక్ బౌద్ధాలయమున డోలు వాయించు కిన్నరీశిల్పము కలదు. గరుడరూపములును లీ శిల్పమున కనబడును. బందీలలోని ఛాము శిల్పుల చేతిపని ఇందున్నదని అనేకుల అభిప్రాయము. అది సంభావ్యమే. ఏ శిల్పి పేరును ఆ రాళ్లపై లేకుండుటచే అది సిద్ధాంతకోటికి ఎక్కదు.

చంపారాజుల గృహముల విషయము గమనింపదగినది. ప్రాచీనరాజధానియైన సింహపురము నేటి ట్రా కియూ గ్రామమని అంగీకరింపబడినది. 1927-1928లో ఫ్రెంచివారును, 1990 దశకమునుండి వియత్నాము, బ్రిటను, జపాను దేశముల పరిశోధకులును ఇచ్చట త్రవ్విరి. క్రిందిపొరలలో మానవముఖము అచ్చొత్తిన చూరుపెంకులు దొరకినవి. వీనికి పోలికలు చీనాలోని నాన్‌జింగ్ నగరమున కలవు. అనగా, తొలికాలమున ఈ స్థలమందలి గృహముల కప్పులు చీనాదేశపు రీతిని ఆశ్రయించినవి. శాసనములను మాత్రమే చదువువానికి చంపా సంపూర్ణముగ భారతీయమని తోచును. మట్టిని త్రవ్వువానికి మరియొక ముఖము కనబడును. రెండును సత్యములే.

6. అమరావతీ నామము

చంపాశాసనములలో అమరావతి యను ప్రదేశనామము కలదు. డాంగ్ దువాంగ్ లో 1911లో దొరకిన కంచుబుద్ధవిగ్రహమును కొందరు మన అమరావతీశైలితో పోల్చిరి. ఈ రెండింటిని కలిపి, కృష్ణాతీరమునుండి శిల్పులు వలసవెళ్లి చంపానగరములను కట్టిరని చెప్పుట మనకు ప్రియముగ నుండును. అమరావతి ఇంద్రుని నగరము. ఏ రాజైనను తన దేశమునకు ఆ పేరు పెట్టుకొనవచ్చును. చంపాలో ఇంద్రపురము, విజయము, పాండురంగము అను పేర్లును కలవు. నామసామ్యము సంబంధమునకు హేతువు కాదు. కంచువిగ్రహము ఓడలో చేతులు మారి వచ్చునది. దాని శైలి విషయమునను పండితులలో ఏకాభిప్రాయము లేదు. సింహళశైలి యనువారును కలరు. విగ్రహము వచ్చిన దారి, కట్టడము పుట్టిన దారి ఒకటి కానక్కరలేదు. మన ప్రాంతముపై గల అభిమానము ప్రమాణస్థానమున కూర్చుండరాదు.

7. ఉపసంహారము

శాసనము అక్షరము చెక్కిన కాలమును చెప్పును. కట్టడము తాను నిలిచినంతకాలము తన రీతిని చెప్పును. మట్టిపొర ఏది ముందు, ఏది పిదప అను క్రమమును చెప్పును. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు స్వతంత్రముగ రాజవాస్తువును నిర్ణయింపజాలదు. పరస్పరసంవాదము కుదిరినచోటనే నిర్ణయము; కుదరనిచోట సందేహమును సందేహముగనే నిలుపవలెను.

మన కళాశాలలలో శాసనమును ముద్రితపాఠముగ మాత్రమే బోధించుచున్నాము. ఛందస్సు, సమాసము, సంకేతసంఖ్య చెప్పి విరమించుచున్నాము. ఆ శిల ఏ కట్టడము యెదుట, ఏ పొరపై, ఏ స్థితిలో దొరకినదో చెప్పుట లేదు. శాసనపాఠముతోబాటు దాని స్థలపటమును కూడ విద్యార్థి యెదుట ఉంచుట దుష్కరము కాదు. మీ సన్ ఏ-1 కలన్ కూలినను విద్వల్లోకమునకు పూర్తిగ నష్టము కాకుండుటకు కారణము, ఒకరు దానిని నిలిచియున్నప్పుడే కొలిచి గీసియుండుట. మన గ్రామములలో నేడు నిలిచియున్న శిథిలాలయముల విషయమున ఆ పని ఎంతవరకు జరిగినదని విద్వాంసులు ఆలోచింతురుగాక.