ఆ గంట అమ్మాయికి ఇవ్వండి

చోడవరం దగ్గర గోవాడ వైపు చెరకు కోతలూ, పదో తరగతి చదువుల హడావుడీ ఒకే కాలంలో వస్తాయి. బడిలో స్టడీ అవర్లు, ఇంటికొస్తే పనులు! పిల్లకు ఊపిరాడేదెప్పుడు? ‘ఆడపిల్లకి ఆటలెందుకు, మార్కులు రావాలి గానీ’ అనేస్తారు పెద్దలు. ముందుగా పోయేది ఆటల పీరియడే.

మాలావత్ పూర్ణ సంగతి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. తాడ్వాయి గురుకులంలో చదువుకుంటూనే భువనగిరి గుట్ట మీద కొండలెక్కడం నేర్చింది. 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కేసింది!

అందరూ పూర్ణలు కానక్కర్లేదు. రోజూ ఓ గంట ఖోఖో, కబడ్డీ ఆడినా చాలు. మనసు తేలికపడుతుంది, నిద్ర బాగా పడుతుంది. అమ్మలూ! సాయంత్రం అంట్లు అన్నయ్య చేత తోమించండి. ఆ గంట అమ్మాయికి ఇవ్వండి.